మేస్త్రీగారి చెయ్యి, నా లెక్క

జరిగినది ముందుగా వరుసలో రాస్తాను.

1. గురువారం ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు మా మేస్త్రీగారి కొడుకు సైకిలు మీద వచ్చి, మా అరుగు దగ్గర దిగకుండానే, "మా నాన్న పోయారండి" అన్నాడు.

2. ఆయనకు నాలుగు రోజులుగా జ్వరం. డాక్టరు రెండుసార్లు చూసి వెళ్ళాడు. తెల్లవారుజామున నమాజుకు లేపబోతే ఆయన లేవలేదు.

3. మధ్యాహ్నం రెండున్నరకు మచిలీపట్నంలో, వారి శ్మశానంలో ఖననం జరిగింది.

4. వచ్చినవారు ముప్ఫై ఒక్కరు. ఒకప్పుడు ఆయన షెడ్డు ముందు ఇంజన్లతో బారులు తీరినవారిలో వచ్చినది ఆరుగురు.

ఈ నాలుగో అంశం నా మూలంగా జరిగింది. అందుకే ఈ స్మృతి రాస్తున్నాను.

మేస్త్రీగారు ఇంజన్లు తయారుచేసేవారు కాదు, అమ్మేవారూ కాదు. జత కుదర్చడం ఆయన వృత్తి. రైసుమిల్లు బ్లోయరుకు ఎంత ఇంజను కావాలి, పొలంలో పంపుకు ఏ పుల్లీ వెయ్యాలి, బెల్టు ఎంత బిగించాలి అన్న ప్రశ్నలతో గుడివాడ నుంచీ, దివిసీమ నుంచీ బందరులోని ఆయన షెడ్డుకు వచ్చేవారు. ఇంజను తిరుగుతుంటే ఆయన కళ్ళు మూసుకుని వినేవారు. ఏ బ్లోయరునైనా ఇంజనుకు తగిలించే ముందు చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి, ఎక్కడా రాసుకోవడం లేదని తెలుసుకున్నాకే బెల్టు వేసేవారు. "ఇంజనుకి బలముంటే చాలదు బావగారూ, బ్లోయరుకి ఓపికెంతో కూడా కనుక్కోవాలి. మధ్యలో ఈ బెల్టు పెళ్ళిళ్ళ పేరయ్య. ఒకవైపు మాటే చెప్పాడా, కాపురం గోవింద" అనేవారు.

నేను ఎనిమిదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. గుడివాడలో ఒక రైసుమిల్లులో గుమాస్తాగా ఉంటూ, దొరికిన యంత్రాల పుస్తకమల్లా చదివి, పుల్లీల లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. తర్వాత బందరు వచ్చి ఆయన దగ్గర చేరాను. ఆయనకు కాగితం మీద లెక్క రాదు. నాకు చెవితో లెక్క రాదు. ఆయన నన్ను "కాగితాల బావ" అని పిలిచేవారు. నా పట్టికలను చూసి నవ్వేవారు. నవ్వుతూనే వాటిని నమ్మేవారు.

లారీ మీద ఇంజను బిగించి తివాచీలు కడిగే యంత్రం బొమ్మను ఒకసారి ఒక విదేశీ పత్రికలో చూపించాను.

"తివాచీ కడగడానికి లారీయా? రేపు మీసం దువ్వుకోడానికి రోడ్డు రోలరు తెమ్మంటారు" అన్నారు.

రెండు నెలల్లో ఆయనే దాన్ని కట్టారు. ఒకే ఇంజను ఒకవైపు పంపును తిప్పి నీళ్ళు చిమ్మేది, మరోవైపు బెల్టుతో బ్లోయరును తిప్పేది. బ్లోయరు గాలిని పీలిస్తే, ఆ గాలితో పాటు తివాచీలోని మురికినీరు లేచి తొట్టెలో పడేది. బ్లోయరు అంటే ఒక ఇనుప పెట్టె. దానిలో రెండు రోటర్లు ఒకదాన్నొకటి తాకకుండా ఎదురెదురుగా తిరుగుతాయి. వాటి మధ్య సందు కాగితమంత. పరిమితికి మించి తిప్పితే వేడెక్కి, ఉబ్బి, ఆ సందు మూసుకుపోతుంది. మా బ్లోయరు పరిమితి నిమిషానికి పదహారు వందల చుట్లు. ఇంజను వేగం వెయ్యి. తొమ్మిదంగుళాల పుల్లీ ఇంజనుకు, ఆరంగుళాలది బ్లోయరుకు వేస్తే పదిహేను వందలు వస్తుంది. ఆ లెక్క నాదే. సరైన లెక్కే. ఆ యంత్రంతో మసీదు తివాచీలు, సినిమాహాలు బాల్కనీ తివాచీలు కడిగాము.

అంతలో ఉప్పెన వచ్చింది. షెడ్డులో నడుములోతు ఉప్పునీరు నిలిచి ఇంజను బిగుసుకుపోయింది. గుడివాడలో నేను పనిచేసిన మిల్లు నుంచి మేస్త్రీగారు మరో ఇంజను తెచ్చి లారీ మీద బిగించారు. దాని వేగం పదిహేను వందలు. నా పుస్తకం కూడా తడిసింది. కాగితాలు ఎండబెట్టి, కొత్త పుస్తకంలో ఒక్కొక్క పట్టికనూ మంచి దస్తూరీతో ఎత్తి రాసుకున్నాను. లారీ యంత్రం పట్టికనూ అలాగే ఎత్తి రాశాను. అది పాత ఇంజను పట్టిక.

మూడు నెలలకు దివిసీమలోని ఒక ఊరి నుంచి ఇద్దరు పెద్దలు వచ్చారు.

"మా సత్రంలో పెళ్ళిళ్ళకి పరిచే జంఖానాలు ఆరున్నాయండి" అన్నాడు ఒకాయన. "ఉప్పెన నాడు పోయిన మావాళ్ళని వాటిలోనే మోశాం. ఇప్పుడు ఓ పిల్ల పెళ్ళి కుదిరింది. పారెయ్యడానికి మనసు రావట్లేదు. కడగడానికి చేతులు రావట్లేదు."

"చేతులు రాకపోతే మిషనుందిగా. తెస్తాంలెండి" అన్నారు మేస్త్రీగారు.

బయలుదేరే ఉదయం, కొత్త ఇంజనుకు పాత పుల్లీలు వేస్తూ ఆయన అడిగారు. "బావగారూ, ఇవే సరిపోతాయా? లెక్క చూశారా?"

"చూశానండి" అన్నాను.

నేను చూసింది నా దస్తూరీని. కొత్త ఇంజను వేగాన్ని తొమ్మిదితో హెచ్చించి ఆరుతో భాగిస్తే రెండువేల రెండువందల యాభై వస్తుందని తెలుసుకోవడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం నేను పెట్టలేదు.

మూడు జంఖానాలు బాగానే కడిగాము. వాటి నుంచి వచ్చిన నీటి రంగు గురించి రాయను. నాలుగోదాని మధ్యలో బ్లోయరు గొంతు మారింది. నాకు తెలియలేదు, మేస్త్రీగారికి తెలిసింది. ఇంజను ఆపే మీట పుల్లీల పక్కనే ఉంది. ఆయన కుడిచెయ్యి మీట మీదికి వెళ్ళేసరికి బ్లోయరు ఒక్కసారిగా బిగుసుకుంది, బెల్టు తెగి ఎగిరింది. ఆ చేతికి బొటనవేలు మాత్రమే మిగిలింది.

అప్పుడే కడిగిన మూడో జంఖానాలో ఆయన్ను పడుకోబెట్టి లారీలోకి మోశారు. ఆసుపత్రి దారిలో ఆయన అన్న మాట ఇది: "ఆ పిల్ల పెళ్ళికి ఇది పనికిరాదు బావగారూ. మిగతావి చేత్తోనైనా కడుక్కోమని చెప్పి పంపండి."

ముసలాయనకు చూపు ఆనక తిరిగే బెల్టులో చెయ్యి పెట్టాడన్న మాట వారంలో బందరంతా పాకింది. టీకొట్టులో ఒకాయన నన్నే అడిగాడు. "ఏవండీ, మీరక్కడే ఉన్నారంటగా. అంత అనుభవం ఉన్నాయన చెయ్యెలా పెట్టాడండీ?"

"అంతా క్షణంలో జరిగిపోయిందండి" అన్నాను.

ఆ వాక్యంలో అబద్ధం లేదు. దాని వెనక నేను సంవత్సరం పైగా దాక్కున్నాను. షెడ్డు కొడుకు చేతికి వచ్చింది. పని తెలిసినవాడు. అయినా, చెయ్యి పోగొట్టుకున్న మేస్త్రీ షెడ్డుకు బ్లోయరు తీసుకురావడానికి జనం జంకారు.

ప్రతి శుక్రవారం వారింటికి వెళ్ళేవాణ్ణి. చెప్పవలసిన మాటలు ఒక చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకునేవాణ్ణి. మేస్త్రీగారు ఎడమచేత్తో సాసరు పట్టుకుని టీ తాగడం నేర్చుకున్నారు. సాసరు మొదట్లో వణికేది, తర్వాత వణకలేదు. "ఏం లెక్కలు చూస్తున్నారు బావగారూ ఈమధ్య?" అని ప్రతిసారీ అడిగేవారు. ఏదో ఒక మిల్లు సంగతి చెప్పేవాణ్ణి. ఆయన తల ఊపి, "ఇంకేంటి విశేషాలు?" అనేవారు. ఆ రెండో ప్రశ్న అడిగాక సాసరు కింద పెట్టి, నా వైపు తిరిగి కూర్చునేవారు. చీటీ జేబులోనే ఉండి నాతో తిరిగి వచ్చేది.

గురువారం మధ్యాహ్నం గొయ్యి తవ్వుతుండగా వారి అబ్బాయిని గోడ పక్కకు పిలిచి, మొత్తం చెప్పాను.

"మాకు తెలుసండి" అన్నాడు.

"ఎప్పటి నుంచి?"

"ఆసుపత్రిలోనే చెప్పారండి. 'బావ లెక్క చూళ్ళేదు. మీరెవరూ అడగమాకండి, ఆయనే చెప్తాడు' అన్నారు. శుక్రవారం మీరెళ్ళగానే మా అమ్మ అడిగేది, ఇవాళైనా చెప్పాడా అని."

"ఆయన ఏమనేవారు?"

"వచ్చే వారం చెప్తాడులే అనేవారండి."

అతనే మళ్ళీ అన్నాడు. "నాకు చెబితే ఏం లాభమండీ? టీకొట్లో అనుకున్నోళ్ళకి చెప్పండి."

కనుక పాఠకులకు తెలియజేస్తున్నాను. మేస్త్రీగారి చూపు బాగుంది. చెవి బాగుంది. ఆయన చెయ్యి వెళ్ళవలసిన చోటికే వెళ్ళింది. తప్పు లెక్క నాది. చూడకుండా చూశానన్నదీ నేనే. ఆయన పని నేర్పిన కొడుకు అదే షెడ్డులో ఉన్నాడు. అతను బ్లోయరును ఇప్పటికీ చేత్తో ఒక చుట్టు తిప్పిగాని బెల్టు వెయ్యడు.

మట్టి వేసే వేళ అందరూ వరుసలో వచ్చి మూడేసి పిడికిళ్ళు వేస్తున్నారు. నన్నూ వెయ్యమన్నారు. ఉదయం జల్లు పడి ఉంది. మూడో పిడికిలి వేసి లేవబోతూ కాలు జారి, ఆ నల్లమట్టి మీద కుడిచేతిని ఆనించాను. చెయ్యి తీశాక, ఐదు వేళ్ళూ విడివిడిగా, గీతలతో సహా, మట్టిలో దిగి ఉన్నాయి. నా వెనకాయన పిడికిలి పట్టుకుని ఆగాడు. ఆ చేతిముద్ర మీద మట్టి వెయ్యడానికి ఆయనకు చెయ్యి ఆడలేదు.

శనివారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు.

పోలుకొండ వెంకట సీతారామాంజనేయులు