కంకర రోడ్డుకి బస్సు రాదు

ఆర్డిత్ టెర్‌ప్‌స్ట్రా గొంతు ఎరగని ఇల్లు మా న్యూ డోకమ్‌లో లేదు. అమెరికాలో మా ఆయోవా చలికాలాల్లో, మంచు పడ్డ రోజున తెల్లవారకముందే రేడియోవాళ్ళకీ బస్సు డ్రైవర్లకీ ఫోన్లు చేసి ఇవాళ బడి ఉందో లేదో చెప్పే పని ఆవిడది. బడి ఆఫీసులో చేరిన నాటి నుంచి రిటైరయ్యేదాకా ఊరు ఏ పొద్దున ఎన్నింటికి లేవాలో ఆవిడే నిర్ణయించింది. బడి పూర్తిగా మూసేయాల్సినంత మంచు లేనప్పుడు మరో మాట ఉండేది. "ఇవాళ తారురోడ్ల బస్సులే. కంకర రోడ్లకి రావు." పొలాల మధ్య ఉండే తల్లులు ఫోన్ చేసి, "ఏం, మావాళ్ళు మాత్రం పిల్లలు కారా?" అని దులిపేసేవాళ్ళు. "మీ మంచికేనమ్మా" అని తేనె పూసి ఫోన్ పెట్టేసేది ఆర్డిత్.

ఫోన్ పెట్టిన చప్పుడు వినగానే దుప్పట్లోంచి మొగుడు వెర్లిన్ అడిగేవాడు. "బస్సులున్నాయా, ఆర్డీ?"

"తారురోడ్లకే."

ఆ జవాబు వినడానికే మెలకువ తెచ్చుకున్నట్టు మళ్ళీ గురక పెట్టేవాడు. సెలూన్ తెరవడానికి ఇంకా చాలా టైముండేది మరి.

ఊళ్ళో మగవాళ్ళ తలలన్నీ వెర్లిన్ చేతి కింద వంగినవే. వాళ్ళ రహస్యాలన్నీ అక్కడ నేల మీద జుట్టుతో పాటు రాలేవి, ఆ జుట్టుతో పాటే ఊడ్చి పారేసేవాడు. అంత గుట్టయిన మనిషి ఒక శనివారం పాస్టరుగారికి జుట్టు కత్తిరించి, గుడ్డ దులిపి, ఆయన లేచి కోటు తొడుక్కుంటుంటే, "అదేంటి, కూర్చోండి పాస్టరుగారూ, బాగా పెరిగిపోయింది" అన్నాడు. పాస్టరుగారు పగలబడి నవ్వి, ఆదివారం ఆ జోకు గుడిలో కూడా చెప్పారు. అందరూ నవ్వారు. ఆర్డిత్ నవ్వలేదు.

ఆ వారమే సెలూన్ మూయించింది. మోకాళ్ళ నొప్పులని ఊరంతా చాటింది. అప్పట్నుంచి ప్రార్థన అయ్యాక కాఫీ దగ్గర మొగుడి భుజానికి అతుక్కుని కూర్చుని, నాటకంలో తెర వెనక అందించేవాళ్ళలా చెవిలో అందించేది. "గులాబీ స్వెటరు, హారియెట్. కొత్తగా మనవడు పుట్టాడు." వెర్లిన్ వెంటనే, "మనవడెలా ఉన్నాడు, హారియెట్?" అనేవాడు. మోకాళ్ళు పోయినా మనిషి మర్యాద పోలేదని ఊరు మెచ్చుకునేది.

ఆర్డిత్ భయం ఊరంటే కాదు, ఆడపడుచు లవోన్ అంటే. వెర్లిన్ చెల్లెలు లవోన్ మంచిది. ఊళ్ళో ఎవరు పోయినా భోజనాలు తనే వండిస్తుంది, తులిప్ పూల పండగ ఊరేగింపు తనే నడిపిస్తుంది. వాళ్ళమ్మకి మతిమరుపు వచ్చిందని తెలిసిన వారంలోపే ఆవిణ్ణి వృద్ధాశ్రమంలో చేర్పించింది కూడా తనే. చావింటికి తెచ్చినట్టు ఊరంతా వంటకాలతో కాసరోల్ గిన్నెలు పట్టుకొచ్చింది. ఆ తరవాత పోయేదాకా ఆ ముసలావిడతో ఎవ్వరూ మాట్లాడలేదు, ఆవిడ తల మీంచి పక్కవాళ్ళతో మాట్లాడారు. "ఆవిడ తింటున్నారా? ఆవిడకి చలేస్తోందేమో?"

వెర్లిన్‌ని అలా "ఆయన" చేసేలోపు ఒక్కసారి, నలుగురిలో, మామూలు మొగుడితో ఒక ప్రయాణం చెయ్యాలి. ఆర్డిత్ కోరిందల్లా అంతే.

యూరప్‌లో డాన్యూబ్ నదే ఎందుకంటే, సెలూన్లో అద్దం పక్కన ఏదో విత్తనాల కంపెనీవాళ్ళ కేలండర్ ఉండేది. కొండ మీద పసుపు రంగు మఠం, కింద ఆ నది. ఆ నెల కాగితం అతనెప్పుడూ తిప్పలేదు. ఓడ ఎందుకంటే, పెట్టె ఒక్కసారి విప్పితే చాలు. అదే గది, అదే మంచం, ఊళ్ళే గుమ్మంలోకి వస్తాయి. మెట్లెక్కగానే ఎదురుగా ఉండే గది ఎంచింది, ఇంట్లో పడగ్గది అలాగే ఉంటుంది గనక. గుడివాళ్ళని పోగేసిందెందుకంటే, గుంపులో ఒకడు ఎటో చూస్తూ కూర్చుంటే ఎవరికీ పట్టదు.

"ఇవన్నీ నీకెందుకు ఆర్డిత్, నాకు వదిలెయ్" అంది లవోన్.

"ఈ ఒక్కటీ నన్ను చెయ్యనీ" అంది ఆర్డిత్.

అన్నీ చూసుకుంది గాని, వానని చూసుకోలేదు. ఆ ఏడు ఆ దేశాల్లో వేసవంతా చినుకు పడలేదు. బుడాపెస్ట్‌లో ఎక్కినప్పుడు బాగానే ఉంది. వియన్నా దాటాక, నీళ్ళు ఇంకా తగ్గేలోపు ఎగువకి చేరుకోవాలని మఠం దగ్గర ఆగడం రద్దు చేశారు. ఆ మఠం ఒడ్డున వెనక్కి జారిపోతుంటే ఆర్డిత్ మొగుణ్ణి కిటికీ దగ్గరికి లాక్కొచ్చింది. "వెర్లిన్, అదిగో నీ కేలండర్!"

అతను చూసి మొహం చిట్లించాడు. "బయట పెట్టారేంటి? తడిసిపోతుంది."

జర్మనీలో పసావు చేరాక ఓడ ఇంక కదలనంది. ఎగువన నదిలో అడుగు కనిపిస్తోందట. ఆగిపోయిన ఓడలన్నిటినీ పక్కపక్కనే కట్టేశారు. ఒడ్డుకి వెళ్ళాలంటే పక్క ఓడ లాబీలోంచి నడవాలి. వీళ్ళ ఓడ ఎమీలియా. పక్కది అదే కంపెనీది, ఎలియోనోరా. కవలపిల్లలు కూడా అంత ఒక్కలా ఉండరు. అవే తివాచీలు, అవే మెట్లు, అవే గది నంబర్లు.

రోజూ సాయంత్రం జోల్ట్ అనే హంగేరీ కుర్రాడు లాంజ్‌లో మైకు పట్టుకుని, నవ్వు చెరగకుండా, మరుసటి రోజు ఏం రద్దయిందో చెప్పేవాడు. ఓడ ప్రయాణం బదులు బస్సు. కోట బదులు గాజు మ్యూజియం. ప్రతి రద్దుకీ గదిలో ఒక బహుమతి. చాక్లెట్లు, ఓసారి చిన్న సారా సీసా, ఇంకోసారి లంగరు బొమ్మలున్న మేజోళ్ళు.

"మా పందుల తొట్టిలో ఇంతకన్నా నీళ్ళుంటాయి" అన్నాడు డార్విన్ హోక్‌స్ట్రా. "ఆర్డిత్, ఇంకాస్త డబ్బు పెట్టుకుని ఉంటే నది కూడా ఉన్న క్రూజు దొరికేదేమో!"

"బడికి సెలవిచ్చినంత తేలిగ్గా మన ఓడకీ సెలవిచ్చేసింది" అంది హారియెట్.

అందరూ నవ్వారు. ఆర్డిత్ కూడా నవ్వింది. తిట్టినన్నాళ్ళు తిట్టనీ అనుకుంది. వాళ్ళ కళ్ళు తన మీద ఉన్నంతసేపు వెర్లిన్ మీద ఉండవు. ఆ ఓడలో తృప్తిగా ఉన్నది వెర్లిన్ ఒక్కడే. కిటికీ పక్కన కూర్చుని, కట్టేసిన ఓడని ఒరుసుకుంటూ పోయే నీళ్ళని చూసి, "ఎంత మెత్తగా పోతోందో చూడు, ఆర్డీ. కుదుపన్నదే లేదు" అనేవాడు.

ఒక సాయంత్రం జోల్ట్ పిలిచాడని ఆర్డిత్ లాంజ్‌లోకి వెళ్ళింది. వెళ్ళేముందు వెర్లిన్‌ని లాబీలో కుర్చీలో కూర్చోబెట్టి, "ఇక్కణ్ణుంచి లేవకు. ఎవరైనా పలకరిస్తే మోకాలు నిమురుకో" అని చెప్పింది. తిరిగొచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.

గదిలో లేడు. పైన డెక్ మీద లేడు. అరవకూడదు, పరిగెత్తకూడదు, ఎవర్నీ అడగకూడదు. షికారుకి వచ్చినట్టు నడుస్తూ ప్రతి మూలా చూసింది. మెట్ల దగ్గర లవోన్ ఎదురైంది.

"ఏం పోగొట్టుకున్నావ్?"

"స్వెటరు."

"ఒంటి మీదున్నదేంటి మరి?"

"ఇంకోటి."

లవోన్ కనుబొమ్మలెత్తింది. "అన్నయ్య ఏడీ?"

"పడుకున్నాడు. మోకాళ్ళు."

భోజనాల గంట కొట్టాక వెర్లిన్ తనంతట తనే వచ్చాడు. ఈల వేస్తూ వచ్చాడు. చొక్కా మీద తెల్ల వెంట్రుకలు. పై జేబులో కత్తెరా దువ్వెనా. ఆ క్షవరం పెట్టె వెంట ఉంటే కుదురుగా ఉంటాడని ఆర్డితే సర్దింది. "ఇవాళ బేరం బాగుంది" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆర్డిత్ బల్ల కిందనుంచి అతని చొక్కా దులుపుతోంది.

ఇంతలో తలుపు దగ్గర ఒక పెద్దమనిషి కనిపించాడు. అలబామాలో పళ్ళ డాక్టరుగా చేసి రిటైరయిన మనిషి, ఎలియోనోరాలో మెట్లెక్కగానే ఎదురుగా ఉండే గది ఆయనది. పక్కన పెళ్ళాం. ఆయన తలకి ఎడమ పక్క పెళ్ళికొడుకులా చక్కగా ఉంది. కుడిపక్క జుట్టన్నది లేదు. గుండు.

"ఇక్కడి బార్బర్ ఏడండీ?" అంది పెళ్ళాం. "నేను నిద్రపోయి లేచేసరికి మా ఆయన ఇదిగో ఇలా ఉన్నాడు!"

"ఊరుకోవే, పాపం" అన్నాడాయన, ఆ గుండు తడుముకుంటూ. "తలుపు కొట్టాడు, తీశాను. రండి కూర్చోండన్నాడు. రోజుకోటి ఇస్తున్నారు కదా, ఇవాళ్టి బహుమతి ఇదేమో అనుకున్నాను. చెయ్యి భలే హాయిగా ఉంది, నాకూ కునుకొచ్చినంత పనయింది. ఎడమ పక్క అయిపోయాక కుడి పక్క మొదలెట్టాడు. అది అయ్యాక మళ్ళీ అదే పక్క మొదలెట్టాడు. మళ్ళీ మళ్ళీ. కొత్త ఫ్యాషనేమో అనుకున్నా."

హాలంతా విరగబడి నవ్వింది. డార్విన్ బల్ల గుద్దాడు. "వెర్లిన్! నువ్వేనా? సెలవులో కూడా దుకాణం తెరిచావా?"

అది జోకుగా ఒడ్డెక్కేదే. ఆర్డిత్ నోరు తెరిచింది కూడా. "పందెం వేశారు మావాళ్ళు" అందామని. ఈలోగా వెర్లిన్ లేచి వెళ్ళి, ఆ డాక్టరు గడ్డం పట్టి తల అటూ ఇటూ తిప్పి చూశాడు. అతని కళ్ళలో నిజమైన జాలి.

"అయ్యో, ఎవడండీ ఇలా పాడు చేసింది? చేతకాని వెధవెవడో. రేపు పొద్దున్నే మా షాపుకి రండి, బ్యాంకు పక్కనే. నేను సరిచేస్తాను."

నవ్వు ఒక్కో బల్ల దగ్గరా ఆగిపోయింది. లవోన్ తన అన్నని చూడలేదు. ఆర్డిత్‌ని చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

మర్నాటి నుంచి నది గురించి ఆర్డిత్‌ని ఎవ్వరూ తిట్టలేదు. ఒక్కరంటే ఒక్కరు. డార్విన్ జోకులు మానేశాడు. హారియెట్ కాఫీ తెచ్చి వెర్లిన్ ముందు పెట్టి, "వెర్లిన్! కాఫీ! వేడిగా ఉంది!" అని పెద్దగా, విడివిడిగా అరిచింది.

"ఆవిడకి చెవుడా?" అన్నాడు వెర్లిన్.

ఆర్డిత్ అందించలేదు. ఇంక దేనికి?

ఆ సాయంత్రం జోల్ట్ చివరి కబురు చెప్పాడు. ఓడ ఇంక కదలదు. పొద్దున బస్సుల్లో రెగెన్స్‌బర్గ్, అక్కడ హోటలు, అక్కణ్ణుంచి నురెంబర్గ్. పోయిన ప్రయాణానికి బదులు, రెండేళ్ళలోపు ఎప్పుడైనా ఇంకో నది మీద ప్రయాణం ఉచితం. లాంజ్ ఒక్కసారిగా కళకళలాడింది. రైన్ అన్నారొకరు. కాదు, పోర్చుగల్ అన్నారింకొకరు.

"మనమందరం కలిసే..." అన్న హారియెట్ ఆర్డిత్ వైపు చూసి, తన చేతిలో గ్లాసు వైపు చూసుకుంది.

లవోన్ వచ్చి పక్కన కూర్చుని ఆర్డిత్ చెయ్యి పట్టుకుంది. గొంతు ఎంత మెత్తగా ఉందంటే, ఆ కాసరోల్ గిన్నెలన్నీ ఆర్డిత్ కళ్ళ ముందు వరసగా నిలబడ్డాయి.

"ఇప్పటిదాకా ఒక్కదానివే మోశావు పాపం. ఇంక నేను చూసుకుంటా. జోల్ట్‌తో మాట్లాడాను. రేపు మీరిద్దరూ బస్సెక్కొద్దు. కొత్త హోటళ్ళూ అవీ ఆయన తట్టుకోలేరు. ఎల్లుండి ఇక్కణ్ణుంచి తిన్నగా కారులో విమానానికి."

"ఆయనెవరు?" అంది ఆర్డిత్.

"అదే, అన్నయ్య."

"పక్కనే కూర్చున్నాడు. అతన్నే అడుగు."

లవోన్ అడగలేదు. నిట్టూర్చింది. "నీ మంచికే చెప్తున్నా, ఆర్డిత్. ఇంకోటి. ఆ రెండో ప్రయాణం, మీకు వచ్చిన టికెట్లు వేరేవాళ్ళకి ఇచ్చెయ్యచ్చట, కనుక్కున్నాను. మా కోడలు ఎప్పట్నుంచో రైన్ చూడాలంటోంది."

ఆర్డిత్‌కి చాలా మాటలు వచ్చాయి. అవన్నీ ఒకప్పుడు కంకర రోడ్ల తల్లులు ఫోన్లో తనని అన్నవే. వాటికి జవాబేం వస్తుందో ఆవిడకి కంఠతా వచ్చు.

"ఇచ్చెయ్యి" అంది.

పొద్దున రేవు మీద బస్సులు వరసగా ఆగాయి. పెట్టెలు ఎక్కుతున్నాయి. డార్విన్ టోపీ తీసి ఓడ వైపు ఊపాడు, శవయాత్రకి ఊపినట్టు. గుడివాళ్ళందరూ కిటికీల్లోంచి చేతులూపారు. ఆర్డిత్ ఊపలేదు. ఖాళీ లాంజ్‌లో ఎవరో బల్లల మీద గుడ్డలు తీసి దులుపుతున్నారు. వెర్లిన్ కిటికీ పక్కన ఎప్పటి కుర్చీలో కూర్చుని నీళ్ళు చూస్తున్నాడు. మొదటి బస్సు ఇంజను మొదలైన చప్పుడికి తల తిప్పాడు. ఆ ఒక్క క్షణం మొహం మామూలుగా, దుప్పట్లోంచి అడిగే నాటిలా ఉంది.

"బస్సులున్నాయా, ఆర్డీ?"

"తారురోడ్లకే" అంది.

అతను తల ఊపి, మళ్ళీ నీళ్ళ వైపు తిరిగాడు.