కూత కింద పోయిన మాట

బాపు గొంతులో పుండు ముదిరిందనీ, కోసి తీసేస్తే ఇక మాట రాదనీ డాక్టరు చెప్పిన రోజు అమ్మ ఏడవలేదు. "ఆయన మాట ఎట్లన్న దాచిపెట్టు బిడ్డా," అన్నది నాతో. అది అరవైల చివరి కాలం. తార్నాకలో అద్దెకుండేవాళ్లం. బాపు యూనివర్సిటీలో చరిత్ర చెప్పేవాడు, నేను అక్కడే ఫిజిక్స్ చదివేదాన్ని. మా ల్యాబులో టేప్ రికార్డర్ ఉండేది.

ఆపరేషన్‌కు ముందు బాపును ల్యాబుకు తీసుకెళ్లాను. రికార్డర్ చూసుకునే డిమాన్‌స్ట్రేటర్ మంచి మనిషే, కానీ పద్ధతంటే ప్రాణమిచ్చే రకం. రికార్డర్ ముందు చిన్న మీటరు. లోపలికి పోయే శబ్దం ఎంతుందో దాని ముల్లు చూపిస్తుంది. బలం తెలిసిన కూత, అంటే ఒకే తీరుగా 'కూ'మని మోగే శబ్దం ఒకటి పంపి, ముల్లు సున్నా గీత మీద నిలిచేదాకా వెనకున్న మర తిప్పాలి; ఈ మీటరులో సున్నా అంటే శబ్దం లేదని కాదు, సరిపడా ఉందని. అప్పుడే మీటరును నమ్మవచ్చు. ఆ కూతనే ప్రతి టేపు మొదట్లో ఎక్కించాలి, తర్వాత ఎక్కడ వినిపించినా లెవెల్ సరిచూసుకోవడానికి. ఇది మా ల్యాబు ఆచారం.

ముందు టేపు తిరుగుతుండగానే మైకు పరీక్షించారు. ఏదైనా అనమంటే బాపు నావైపు తిరిగి, "మీ అమ్మ ఇంట్ల ఒక్కతే ఉన్నది. జల్ది పోదాం," అన్నాడు. మెల్లగా, ఇంట్లో మాట్లాడినట్టే. ముల్లు కాస్త కదిలి పడిపోయింది.

"ముల్లు లేస్తలేదు సార్. నేను మిషన్ల లెవెల్ పెంచితే టేపు బుస్సుమనే చప్పుడు గూడ పెరుగుతది. మీరే జర గట్టిగ మాట్లాడాలె," అన్నాడాయన.

గొంతులో పుండున్న మనిషిని అరవమంటాడా! నాకు ఒళ్లు మండింది. వద్దన్నాను. బాపు వినలేదు.

డిమాన్‌స్ట్రేటర్ టేపు వెనక్కి తిప్పి, మొదట్లో కూత ఎక్కించాడు. బాపు లేచి నిలబడి, ముల్లు మీదే చూపు పెట్టి, హాలు నిండా విద్యార్థులున్నట్టు గొంతు చించుకుని పాఠం చెప్పాడు. ముల్లు సున్నా దగ్గరే చక్కగా ఆడింది.

ఆపరేషన్ అయింది. బాపు ఇంటికొచ్చాడు, మాట లేకుండా. రికార్డర్ అడిగి తెచ్చి పాఠం వినిపించాను. అమ్మ కాసేపు విని చెయ్యి అడ్డం పెట్టింది.

"గీయన ఎవలు? మీ బాపు నాతోని ఎన్నడన్న గిట్ల మాట్లాడిండా?"

మంచం మీద బాపు కళ్లు మూసుకున్నాడు. నాకు దుఃఖం ఆగలేదు. ఇంట్లో మాట్లాడినట్టు కూడా మాట్లాడాడని చెప్పేశాను.

"ఏమన్నడు?"

"నువ్వు ఒక్కదానివే ఉన్నవని. జల్ది పోదామని."

"గది పెట్టు మరి."

"లేదమ్మా. దాని మీదనే కూత ఎక్కింది. చెరిగిపోయింది."

అమ్మ లేచింది. టేపు మొదటికి తిప్పమన్నది. వెళ్లి బాపు పక్కన కూర్చుని, ఆయన చెయ్యి పట్టుకుని, ఆ కూతనంతా విన్నది. పాఠం మొదలయ్యేసరికి చెంగుతో కళ్లొత్తుకుని, "ఇగ బంద్ చెయ్ బిడ్డా," అన్నది.