మావయ్య చేతిలోంచి తాళం లాక్కున్న రోజు

మా మావయ్య అమ్మకు తమ్ముడు. నాకు కారు నేర్పింది ఆయనే. భోగాపురం విమానాశ్రయం పనుల దగ్గర ఇంజనీర్లను తిప్పడానికి నేనొక డీజిల్ కారు కొని అద్దెకు పెట్టినప్పుడు, స్టీరింగు ఆయన చేతికే ఇచ్చాను. యాభై దాటిన మనిషి, నడుం నొప్పితో పొలం పని మానుకున్నాడు. ఆ సీటు దొరికాకే ఇంట్లో ఆయన మాటకు మళ్లీ కాస్త విలువ వచ్చింది.

రెండు నెలలు బాగానే గడిచాయి. తర్వాత మీటర్ల మధ్య పసుపు దీపం వెలగడం, బండికి పికప్ చచ్చిపోవడం మొదలైంది. ఎంత తొక్కినా నలభై దాటదు. ఇంజనీర్లు రెండుసార్లు నడిదారిలో దిగి ఆటో ఎక్కారు. ఇంకోసారి ఆగితే వేరే బండి చూసుకుంటామన్నారు.

శ్రీకాకుళంలో మెకానిక్ స్కానర్ పెట్టి చూశాడు. పొగ ఎంత వేడిగా పోతోందో బండిలోని కంప్యూటర్‌కు చెప్పే సెన్సర్ ఒకటి సైలెన్సర్ గొట్టానికి ఉంటుందట. అది తప్పు చెబితే, మసి పట్టే ఫిల్టర్‌ను బండి తనంతట తాను కాల్చి శుభ్రం చేసుకోలేదట. సెన్సర్ మార్చాడు. నాలుగో రోజుకే మళ్లీ దీపం.

"ఇంజన్ ఆపకండా ఏసీ ఏసుకొని తొంగుంటే మసి పట్టేస్తాదండి. మీ డ్రైవర్ని అడగండి" అన్నాడు.

అంతే, నాకు కావలసింది దొరికింది. నా కోపం సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. ముందు నోరు, తర్వాత బుర్ర. సైటు గేటు దగ్గర టీ తాగుతున్న డ్రైవర్లందరి ముందూ మావయ్యను నిలదీశాను.

"నేదురా. ఇంజన్ ఆపకండా నానెప్పుడూ తొంగోనేదు. గతుకులొస్తే కింద ఏటో తగుల్తన్న సప్పుడు వస్తన్నాది. ఓపాలి మెకానిక్కుని కిందకి దూరి సూడమను."

"కబుర్లు చెప్పకు మావా" అని చేతిలోంచి తాళం లాక్కున్నాను. ఆయన రోడ్డు వైపు నడిచాడు. వెనక ఎవరో నవ్వారు. అప్పుడు నాకేమీ అనిపించలేదు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

కొత్త డ్రైవర్‌ను పెట్టాను. వారం తిరక్కుండా అదే దీపం.

విజయనగరంలో ఒక ముసలి మెకానిక్ బండిని పైకి లేపి, ఇంజన్ ఆన్ చేయించి, సెన్సర్ వైరును చేత్తో మెల్లగా కదిపాడు. కదిపినప్పుడల్లా స్కానర్‌లో వేడి అంకె గంతులేసింది.

"సెన్సర్ మంచిదే. వైరు గొట్టానికి ఆనుకొని కాలిపోనాది. ఇదెవరు కట్టినారండి?"

తల ఎత్తి చూశాను. నల్లతాడు, దానికి గవ్వల గుత్తి. కారు కొన్నరోజు అరసవల్లిలో పూజ చేయించాక, దిష్టి తగలకూడదని, ఎవరి కంటా పడని చోట ఉండాలని, నేనే కింద చెయ్యి పెట్టి అందినదానికి ముడి వేశాను. అందింది ఆ వైరు. గతుకుల్లో గవ్వలు ఊగి ఊగి క్లిప్పును ఊడదీశాయి. వైరు వేడి గొట్టం మీదికి జారింది.

ఆయన తాడు కోసేసి, కాలిన ముక్క తీసి కొత్తది అతికించి, వేడి తగలని తొడుగు వేసి పైకి బిగించాడు. అరగంట పని. దీపం మళ్లీ వెలగలేదు.

అప్పటికే మావయ్య గరివిడి ఫ్యాక్టరీలో లారీల నుంచి మాంగనీసు ముడిరాయి దించే కూలిపనిలో చేరాడు. మధ్యాహ్నం భోజన విరామంలో వెళ్లి ఫ్యాక్టరీ గేటు దగ్గర పట్టుకున్నాను. కనుబొమల దాకా నల్లటి దుమ్ము. జరిగిందంతా చెప్పాను. తప్పు నాదేనన్నాను. రేపే వచ్చెయ్ మావా, బండి నీదే అన్నాను.

ఆయన తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

"నాను సెప్తే నమ్మనేదు. వైరు సెప్తే నమ్మినావేటిరా?"

సైరన్ మోగింది. ఆయన మిగతా కూలీలతో కలిసి లోపలికి వెళ్లిపోయాడు.