మా వాడ బోరింగు

నిన్న నారాయణఖేడ్‌లో మా ఇంటి వెనక గల్లీలోకి బోరు బండి వస్తే, మోకాళ్ళ నొప్పులన్నీ మరిచి పరుగులాంటి నడకతో వెళ్ళి నిలబడ్డాను. మా కోడలు నవ్వింది గానీ, మన ఈడు వాళ్ళకు తెలుసు, ఆ చప్పుడు వింటే నాకు కాలు నిలవదు.

మనూర్ దిక్కున ఉన్న మా ఊళ్ళో నా చిన్నప్పుడు మంచినీళ్ళ బావి ఒక్కటే. మాదిగవాడ వాళ్ళం దాని చేంతాడు ముట్టడానికి లేదు. మా నాయనమ్మ కుండ పట్టుకొని గట్టు కింద నిలబడితే, పైవాడ ఆడవాళ్ళలో ఎవరికైనా తీరికా దయా ఒక్కసారే కలిగినప్పుడు పైనుంచి ఇన్ని నీళ్ళు వంపేవారు. ఈ పద్ధతి ఎవరు పెట్టారని నేను అడగని మనిషి లేడు. బ్రహ్మ ముఖం నుంచి కొందరు, పాదాల నుంచి కొందరు పుట్టారని బడిలో పంతులు చెప్పాడు. ఎంత లెక్కపెట్టుకున్నా మా వంతుకు ఏ అవయవమూ రాలేదు. దేవుడు అందరినీ ఒకే మట్టితో చేశాడని చర్చిలో పాస్టరు అన్నాడు. నాయనమ్మకు ఈ రెండు కథలతోనూ పని లేదు, ఆమెకు కావలసింది నీళ్ళు.

ఒక ఎండాకాలం ఆ బావి కాస్తా అడుగంటింది. సర్కారు బోరు బండి వచ్చి ముందు పటేళ్ళ వాడలో వేస్తే దుమ్ము లేచింది, ఇంకోచోట వేస్తే అక్కడా దుమ్మే. చివరికి మా వాడలో వేస్తే, ఏం చెప్పను, చర్చి కప్పుకన్నా ఎత్తుగా నీళ్ళు ఎగజిమ్మాయి! ముసలీ ముతకా అందరం ఆ బురదలో ఎగిరాము.

బోరింగు బిగించిన మర్నాడే పటేలు కోడలు బిందెతో మా వాడకు వచ్చింది. ఇంట్లో మిగతా వాళ్ళకు నామోషీ అయింది కాబోలు, నిండు చూలాలిని ఒంటరిగా పంపారు. ఆమె మేం ముట్టిన పిడిని చింతపండుతో తోమి కడిగితే మాకు ఒళ్ళు మండింది. కానీ నీళ్ళు లోతు, పిడి బరువు. కాస్త కొట్టేసరికే ఆయాసపడి ఆగిపోయింది. అప్పుడు నాయనమ్మ లేచింది.

"జరుగు బిడ్డా, ఒట్టి మనిషివి గావు. నేను కొడ్త, నువ్వు బిందె పట్టు" అంది. పటేలు కోడల్ని బిడ్డా అన్నందుకే మా నాయన ముఖం పాలిపోయింది.

బిందె నిండింది, మా చేతి నీళ్ళతో. ఎత్తుకుంటుందా, పారబోస్తుందా? వాడంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. ఆమె బిందె పక్కకు జరిపి, వంగి దోసిలి పట్టింది.

"ఇంకిన్ని కొట్టు అవ్వా, దూపైతుంది" అంది.

నేను కేక పెట్టాను! నాయనమ్మ ఎంత జోరుగా కొట్టిందంటే ఇద్దరి చీరలూ తడిసి ముద్దయ్యాయి.

ఆ తర్వాత కొన్నేళ్ళు ఊరంతా మా వాడలోనే వరస కట్టింది. చింతపండు పోయి ఒట్టి నీళ్ళతో కడగడం వచ్చింది, తర్వాత అదీ మరిచారు. వరసలో నిలబడి అందరూ అత్తల మీద చాడీలు చెప్పుకుంటుంటే ఎంత సంబరంగా ఉండేదో! ఇప్పుడు ఇంటింటికీ నల్లా వచ్చింది, ఆడవాళ్ళ నడుములు బతికాయి, మంచిదే. కానీ నల్లాలు వచ్చాక పైవాడ వాళ్ళు మా వాడలో అడుగు పెట్టలేదు, తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. ఆ పటేలు కోడలు ఇప్పుడు పండు ముసలిది. అంగట్లో కనబడితే చేయి పట్టుకొని మరీ పలకరిస్తుంది, ఇంటికి రమ్మని మాత్రం ఇప్పటికీ అనదు.