గోడ తీస్తేనే దిగే ఈతకొలను

2003 చివర్లో, ఎన్నికలు దగ్గరపడుతున్న రోజుల్లో, జమ్మలమడుగు దగ్గరి ఒక పల్లె నుంచి నాకు పిలుపు వచ్చింది. అప్పట్లో నేను ప్రొద్దుటూరులో ఉంటూ ఇళ్లు కట్టించే సివిల్ ఇంజనీరుని. ఈతకొలనులు మాత్రం రెండే కట్టించాను. ఊరి పేరు రాయను. నన్ను పిలిపించిన మనిషిని ఊళ్లో పెద్దప్ప అనేవారు, నేనూ అలాగే రాస్తాను. ఊళ్లో పార్టీలంటే ఫ్యాక్షన్ ముఠాలే, ఒకదానికి ఆయన పెద్ద. రెండో పార్టీకి పెద్ద, పెద్దప్ప భార్య లక్ష్మమ్మకు చిన్నాన్న కూతురి మొగుడు. రెండిళ్ల మధ్య కొట్లాటలూ కేసులూ ఏళ్లుగా నడుస్తున్నాయి.

ఆ ఇంటి గేటు ఒక్క జీపు పట్టేంత ఇరుకు. లోపలికి పోగానే దారి పక్కకు తిరుగుతుంది. బండి ఏదీ దూసుకురాకుండా కావాలనే అలా కట్టించారట. కాపలావాళ్లు నా టిఫిన్ క్యారియర్ మూత కూడా తీసి చూశారు. ఇలాంటి ఇంట్లో ఈతకొలను ఎందుకో తెలుసుకోవాలని నాకు ఒకటే కుతూహలం.

పెద్దప్పకు మోకాళ్లు అరిగిపోయాయి. నీళ్లలో నడవమని, ఈదమని డాక్టరు చెప్పాడు. చిన్నప్పుడు తోట బావిలో పొద్దంతా ఈదిన మనిషే ఆయన. ఆ బావి ఇంకా ఉంది కదా అన్నాను.

"బాయిలో దిగినోనికి పైన ఎవురు నిలబడిండారో కనపడదు గదప్పా," అన్నాడు.

పెరట్లో నేల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ఇనుప చువ్వలు కట్టి కాంక్రీటు పోసే ఆర్‌సీసీ కొలను గట్టిదే కానీ, ఆ నేలలో పగలకుండా ఉండాలంటే లోతుగా మట్టి తీసి, ఉబ్బని గరుసుమట్టి నింపాలి, మూడు నెలల పని. గుంత గోడలకు ప్లాస్టిక్ షీటు పరిచే వినైల్ లైనర్ త్వరగా అయిపోతుంది కానీ, ఏది గుచ్చుకున్నా చిరుగుతుంది. మూడోది ఫైబర్‌గ్లాస్ షెల్, అంటే ఫ్యాక్టరీలో ఒకే ముక్కగా పోతపోసిన తొట్టి. నేల కాస్త కదిలినా అది వంగి సర్దుకుంటుంది. నేను దానికే మొగ్గాను.

అంత పెద్ద తొట్టి గేటులో ఎట్లా పడుతుందని పెద్దప్ప అడిగాడు. పట్టదని, తూర్పు గోడలో కొంత భాగం పడగొట్టి క్రేనుతో దించాలని, మళ్లీ కట్టడానికి రెండు రోజులు పడుతుందని చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. పోనీ కాంక్రీటే పోద్దామన్నాను.

"మూన్నెల్లు కూలోల్లు వస్తా పోతా ఉంటారు. వాల్లలో ఎవురు కూలోడో, ఎవురు ఆ ఏసంలో వచ్చినోడో నువ్వు చెప్పగలవా?"

చెప్పలేనన్నాను. అయితే ఈ సంగతి ఇక్కడితో వదిలేయమన్నాడు.

వాకిట్లో నిలబడి అంతా వింటున్న లక్ష్మమ్మ అప్పుడు లోపలికి వచ్చింది. మోకాళ్లకు ఏది మంచిదని నన్ను అడిగింది. నీళ్లు ఎందులోనైనా ఒకటే, పని త్వరగా ముగిసేది మాత్రం తొట్టి అన్నాను. ఆమె భర్త వైపు తిరిగింది.

"గోడ తీపియ్. ఆ రెండు దినాల సంగతి నాకిడిసిపెట్టు."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు కానీ, వద్దనలేదు.

తొట్టి బెంగళూరు నుంచి ట్రెయిలరు మీద, క్రేను చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీ నుంచి వచ్చాయి. గోడ పడగొట్టాక ఆ పెద్ద ఖాళీలోంచి వీధంతా కనబడింది. గుంతలో పరిచిన గరుసు లెవెల్ చూస్తున్నానే కానీ, కళ్లు వీధి మీదే. నా భయం కనిపెట్టిందేమో, లక్ష్మమ్మ మజ్జిగ ఇస్తూ అసలు సంగతి చెప్పింది. ముందు వారమే ఆమె ఒంటరిగా చెల్లెలి వరసైన ఆ చిన్నాన్న కూతురి ఇంటికి పోయి, ఏ రోజు గోడ తీస్తున్నామో వాళ్లకే చెప్పి వచ్చిందట. ఎందుకు చెప్పారమ్మా అన్నాను.

"క్రేను ఊర్లోకి వస్తాంటే తెలీకుండా ఉంటాదా నాయనా? వాల్లంతట వాల్లకు తెలిస్తే మీదపడను అదొక సందు. నేను పోయి చెప్తే, నేనే అడ్డం నిలబడినట్టు, నన్ను దాటి రాలేరు. 'నీల్ల తొట్టి మీద మాకేం పగ, వదినా' అన్న్యాడు మా మరిది."

క్రేను తొట్టిని ఎత్తగానే గాలి తగిలింది. నీలం తొట్టి ఒక పక్కకు తిరిగింది; దాన్ని అదుపు చేసే తాడు మావాళ్ల చేతుల్లోంచి జారి వీధి మీదికి ఊగింది. అక్కడ చూస్తున్నవాళ్లలో రెండో పార్టీ వాళ్లే ఎక్కువ. వాళ్లలో ఒక పెద్దాయన ముందుకొచ్చి తాడు పట్టుకున్నాడు. మిద్దె మీద కాపలావాళ్లు లేచి నిలబడ్డారు. లక్ష్మమ్మ వాళ్లను కూర్చోమన్నట్టు చెయ్యి ఊపింది.

"యాడికి లాగల్లప్పా?" అని ఆయన నన్నడిగాడు.

ఎడమకు అన్నాను. ఇంకో ఇద్దరు వచ్చి ఆయనతో కలిసి లాగారు. తొట్టి తిన్నగా గుంతలో కూర్చుంది. వాళ్లు తాడు కింద పెట్టి, గోడ ఉన్న గీత దాటకుండానే వెళ్లిపోయారు.

గోడ మళ్లీ అదే ఎత్తున లేచింది. ఎన్నికలయ్యాక రెండిళ్ల మధ్య కొత్త కేసులు కూడా పడ్డాయి. ఫిల్టరు చూడటానికి వెళ్లినప్పుడు పెద్దప్ప నీళ్ల మీద వెల్లకిలా తేలుతూ, కళ్లు మూసుకుని ఉన్నాడు. పిలవబుద్ధి కాక పని ముగించుకుని వచ్చేశాను.

ఇప్పుడు ఎవరైనా ఏ రకం కొలను కట్టాలని అడిగితే, మట్టి చూడకముందే ఇంటిల్లిపాదితో కూర్చుని మాట్లాడతాను. రేగడి ఎంత ఉబ్బుతుందో పరీక్షలో తెలుస్తుంది. ఆ ఇల్లు దేనికి జంకుతోందో, ఆ జంకును దాటించగల మనిషి ఎవరో కూర్చుని వింటేనే తెలుస్తుంది.