బంతి వస్తుందని పరిగెత్తినవాళ్లు

ఆ గురువారం పొద్దున డెన్నిస్ ఓల్డ్‌రాయిడ్ పెరట్లో తాడు మీద జట్టు జెర్సీలు ఆరేశాడు. ఎరుపు మీద నల్ల చారల జెర్సీలు. మెడ సాగిపోతుందని ఒక్కోదాన్నీ తలకిందులు చేసి, కింది అంచు పట్టుకుని క్లిప్పులు పెట్టేవాడు. ఆ పని ఇంకొకరికి అప్పగించేవాడు కాదు. ఆరేయడం అయ్యాక టోపీ తగిలించుకుని పేపరు కోసం బయల్దేరి, దారిలో బస్టాపు బల్ల మీద కూర్చున్నాడు. వేక్‌ఫీల్డ్ బస్సు వచ్చి ఆగింది. ఆ డ్రైవరు ఒకప్పుడు డెన్నిస్‌తో కలిసి పనిచేసినవాడు. ఎప్పట్లాగే ఆట పట్టించడానికి హారన్ మోగించాడు. డెన్నిస్ తలెత్తలేదు.

సాయంత్రం ఆసుపత్రిలో ఇచ్చిన తండ్రి టోపీ పట్టుకుని కూతురు హేజెల్ ఆ ఇంటికి వచ్చేసరికి జెర్సీలు ఆరిపోయి గాలికి కొట్టుకుంటున్నాయి. చినుకులు మొదలయ్యాయి. ముందు వాటిని తీసి లోపల పెట్టింది. ఆ తర్వాతే వంటింటి కుర్చీలో కూలబడింది.

డెన్నిస్ గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదని థార్న్‌లీ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. అది డెన్నిస్‌కి నచ్చే మాటే. బొగ్గుగని ఉన్నన్నాళ్లూ గనిలో పనిచేశాడు. గని మూతపడ్డాక బస్సు నడిపాడు. భార్య పోయాక వంట నేర్చుకున్నాడు గానీ బంగాళదుంపల దగ్గరే ఆగిపోయాడు. నోట్లో ఎప్పుడూ పిప్పరమెంటు బిళ్ల ఉండేది. ఏదైనా అడిగితే ముందు ఆ బిళ్లను ఈ దవడ నుంచి ఆ దవడకి మార్చి, అప్పుడు జవాబు చెప్పేవాడు. అంతసేపు ఆగలేనివాళ్లు ఆయన్ను మూగవాడనుకునేవారు.

ఊళ్లో ఆడవాళ్ల రగ్బీ లీగ్ జట్టు మొదలైనప్పుడు శిక్షణ ఇవ్వడానికి ఎవరూ ముందుకు రాలేదు. మగవాళ్ల జట్లు మూడున్నాయి, వాటికి కోచ్‌లు తలో ముగ్గురున్నారు. క్లబ్బు బారులో ఎవరో నవ్వుతూ, "నీ కూతురు ఆడుతోందిగా, నువ్వే చూసుకో డెన్నిస్" అన్నారు. డెన్నిస్ బిళ్ల మార్చుకుని సరేనన్నాడు. అది హాస్యమని తెలియక కాదు.

ఆ జట్టులో ఆట నడిపేది హేజెల్. బంతి నేలమీంచి లేచిన ప్రతిసారీ ఆమె చేతుల్లోకి వచ్చేది. అక్కణ్ణుంచి ఎవరికి వెళ్లాలో ఆమె ఇష్టం. ఎక్కువసార్లు బెవర్లీ థాక్‌రేకి వెళ్లేది. బెవర్లీకి బేకరీలో పని. పిండి బస్తాలు మోసి మోసి భుజాలు తలుపు వెడల్పున ఉంటాయి. బంతి పట్టుకుని తల వంచి దూసుకుపోతే ఇద్దరు ముగ్గురు పట్టుకుంటేగానీ కింద పడదు. మొదటి ఏడాది జట్టు అలాగే నెగ్గుకొచ్చింది. రెండో ఏడు అందరికీ తెలిసిపోయింది. ఆరోసారి పడగొట్టేలోపు గీత దాటకపోతే బంతి అవతలివాళ్లది కదా. థార్న్‌లీ వాళ్లు అయిదుసార్లు బెవర్లీని అవతలివాళ్ల గోడకేసి కొట్టి, ఆఖర్న బంతిని ఎడమ మూలకి తన్ని, అప్పగించి వచ్చేవారు.

దీనికి తోడు ఎత్తుల పేర్లు. ఎటువైపు దాడి చేయాలో ఆట మధ్యలో అరిచి చెప్పుకోవాలి. ఆ అరుపు అవతలివాళ్లకి అర్థం కాకూడదు. థార్న్‌లీలో తాతల నాటి నుంచీ ఇందుకు పబ్బుల పేర్లు వాడతారు. 'రైల్వే' అంటే రైల్వే పబ్బు ఉన్న వైపు. 'మైనర్స్' అంటే మైనర్స్ పబ్బు ఉన్న వైపు. మైదానంలో నిలబడితే రెండూ కనిపిస్తాయి, వాటి మీద పేర్లు కూడా పెద్ద అక్షరాలతో ఉంటాయి. ఇన్నేళ్లుగా అది రహస్యమనే ఊరంతా నమ్మింది.

ఆ అక్టోబరులో పక్క ఊరు ఆక్లీ జట్టు ఆడటానికి వచ్చింది. హేజెల్ "రైల్వే" అని అరవగానే ఆక్లీ కెప్టెన్ తనవాళ్ల వైపు తిరిగింది.

"రైల్వేకట. అటు జరగండే" అంది. మళ్లీ హేజెల్‌ని చూసి, "అక్కడ బీరు బాగోదమ్మా, మైనర్స్‌కి పోండి" అంది.

గట్టు మీదున్న జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. థార్న్‌లీవాళ్లూ నవ్వారు. ఆ రోజు థార్న్‌లీ ఒక్కసారి కూడా గీత దాటలేదు.

ఆట అయ్యాక బట్టలు మార్చుకునే గదిలో బెవర్లీ బూటు విసిరికొట్టి డెన్నిస్ వైపు తిరిగింది. "బాబాయ్, ఇంకా ఆ పబ్బుల పేర్లేంటి? మా అత్త ఆక్లీ మనిషి. మైనర్స్‌లో ఆవిడ పెళ్లి విందు జరిగింది."

"అయితే ఏం పెడదాం?"

"బిస్కెట్ల పేర్లు పెట్టు."

పెట్టారు. ఓ రెండు వారాలు ఏ వైపుకి ఏ బిస్కెట్టో తెలియక సొంతవాళ్లే ఒకరినొకరు గుద్దుకున్నారు. తర్వాత అలవాటైంది. కానీ ఆట మారలేదు. పేరు అర్థం కాకపోయినా అవతలి జట్టు ముందే అక్కడికి చేరి నిలబడేది. అదెలాగో ఎవరికీ అంతుపట్టలేదు.

అప్పటినుంచి డెన్నిస్ పక్కగీత దగ్గర నిలబడటం మానేసి, గోల్ స్తంభాల వెనక్కి వెళ్లి చూడటం మొదలుపెట్టాడు. అక్కణ్ణుంచి అరిచినా ఎవరికీ వినబడదు. కోచ్ చేతులెత్తేశాడని బారులో అనుకున్నారు. ఫిబ్రవరి వచ్చేసరికి జట్టు పట్టికలో అడుగుకి చేరింది. మిగిలింది ఒక్క ఆట, అదీ ఆక్లీలో. ఓడితే కింది డివిజన్‌కి పడిపోతారు. పడిపోయిన జట్టుకి ఆదివారం మైదానం ఇవ్వలేమని, మగవాళ్ల మూడో జట్టుకి కావాలని క్లబ్బు కమిటీ చెప్పేసింది. మైదానం లేకపోతే జట్టే ఉండదు.

ఆక్లీలో ఆట ఉన్న ఆదివారానికి ముందటి ఆదివారం హేజెల్, తండ్రి ఇంటి వంటింట్లో కూర్చుని ఉంది. ఆయన దుంపలు చెక్కు తీస్తున్నాడు.

"నన్ను తీసెయ్ నాన్నా."

"ఎందుకు?"

"నా వల్లే అందరూ ముందే కనిపెట్టేస్తున్నారు. నా మొహంలో తెలిసిపోతోందేమో. సొంత కూతురని నువ్వు చెప్పలేకపోతున్నావు."

డెన్నిస్ బిళ్ల అటునుంచి ఇటు మార్చాడు. "నీ మొహం బానే ఉంది. వాళ్లు నిన్ను చూడట్లేదు తల్లీ."

"మరి?"

"జానిస్‌ని చూస్తున్నారు."

జానిస్ పికల్స్ బడి వంటశాలలో పనిచేస్తుంది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. జట్టు మొత్తంలో వేగంగా పరిగెత్తేది ఆమే గానీ ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. హేజెల్ బెవర్లీకి బంతి ఇచ్చేటప్పుడు జానిస్, ఇంకో ఇద్దరు తమకే వస్తున్నట్టు రెండో వైపు నుంచి పరిగెత్తి రావాలి. అది చూసి అవతలివాళ్లు చెదిరిపోవాలి. ఎత్తు అంతా అదే.

"జానిస్ పరిగెడుతోందిగా. చెప్పినచోటికే వస్తోంది."

"వస్తోంది. పాలసీసా తీసుకురావడానికి గుమ్మందాకా వెళ్లినట్టు వస్తోంది. చేతులు కిందికే ఉంటాయి. అవతలివాళ్లు ఆ చేతులు చూస్తున్నారు. అవి లేవకపోతే ఇటు రాదని తెలుసుకుని అందరూ బెవర్లీ మీద పడుతున్నారు."

"చేతులెత్తమని చెప్పు అయితే."

"చెప్తే ఎత్తుతుంది. ఉత్తుత్తినే ఎత్తిన చేతులు ఇంకా బాగా తెలిసిపోతాయి." దుంప నీళ్లలో పడేశాడు. "బంతి రాదని తెలిసిన మనిషి ఇంకెలా పరిగెడుతుంది?"

"ఇస్తే పడేస్తుంది నాన్నా. జానిస్ సంగతి నీకు తెలీదా. కచ్చితంగా పడేస్తుంది."

"ఎప్పుడిచ్చావు?"

హేజెల్ గుర్తు చేసుకోబోయింది. ఒక్క ఆటా తట్టలేదు. ఆయన కూడా రెట్టించలేదు. ఇంకో దుంప అందుకుని, మాంసంలోకి పుదీనా పచ్చడి ఉందో లేదో చూడమన్నాడు.

ఆక్లీ మైదానం ఒకవైపుకి వాలుగా ఉంటుంది. ఆ రోజు రాత్రంతా కురిసిన వానకి దిగువన చెరువైంది. ఆక్లీ కెప్టెన్ హేజెల్‌తో చెయ్యి కలుపుతూ, "ఇవాళ ఏ బిస్కెట్టు తెచ్చారమ్మా?" అంది.

"నువ్వు తినేవి కావులే" అని బెవర్లీ వెనకనుంచి జవాబిచ్చింది.

మొదటిసారి బంతి చేతుల్లోకి రాగానే హేజెల్ అలవాటుగా బెవర్లీ వైపు తిరిగింది. ఆక్లీవాళ్లు అప్పటికే అటు కదిలారు. అదే క్షణంలో కుడి పక్కనుంచి అడుగుల చప్పుడు వినిపించింది. బురదని తన్నుకుంటూ వస్తున్న అడుగులు. జానిస్ రెండు చేతులూ ముందుకు చాచి, నోరు తెరుచుకుని, ఆకలిగా వస్తోంది. అవతల ఇంకో ఇద్దరూ అలాగే వస్తున్నారు. ఆక్లీ కెప్టెన్ అటు ఒకడుగు వేసింది, మళ్లీ ఇటు వేసింది. అంతకుముందు ఆమె ఎప్పుడూ అలా తడబడలేదు. హేజెల్ ఏమీ ఆలోచించలేదు. బంతి జానిస్‌కి వదిలింది.

జానిస్ పడేసింది.

గట్టు మీదున్నవాళ్లు ఉసూరుమన్నారు. హేజెల్ గోల్ స్తంభాల వెనక నిలబడ్డ తండ్రిని చూసింది. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. జానిస్ కూడా తలవంచుకుని పక్కకి పోలేదు. రెండు చేతులూ జెర్సీకి తుడుచుకుంటూ హేజెల్ దగ్గరికి వచ్చి, "మళ్లీ ఇవ్వు" అంది.

తర్వాతిది పట్టుకుంది. పట్టుకున్నాక ఆమెని అందుకోగలిగినవాళ్లు ఆక్లీలో లేరు. ఆ పైన ఆట ఎవరికీ అంతుచిక్కలేదు. అందరూ జానిస్ వైపు చూడటం మొదలుపెట్టాక బెవర్లీకి దారి దొరికింది. అందరూ బెవర్లీ మీదికి వెళితే మధ్యలో ఖాళీ వచ్చింది, అందులోంచి హేజెల్ తానే దూరింది. ఎవరికివ్వాలా అని వెతుక్కోవడం పోయి, ఎవరిని కాదనాలా అన్న ఇబ్బంది వచ్చింది. చివర్లో ఆక్లీ పుంజుకుని దాదాపు అందుకుంది. రిఫరీ ఈల వేసేసరికి థార్న్‌లీ రెండు పాయింట్లు ముందుంది. జట్టు నిలిచింది.

ఆ సాయంత్రం హేజెల్ లోలోపల ఒక లెక్క వేసుకుంది. ఇన్నాళ్లూ తన కళ్లు ఒకవైపే చూశాయి, వంటింట్లో నాన్న మాటతో తెరుచుకున్నాయి. తను మారింది కాబట్టి జట్టు మారింది. ఆ మాటే తండ్రితో అంది. డెన్నిస్ తడి జెర్సీలు సంచిలో కుక్కుతూ, "అంతేగా మరి" అన్నాడు. ఆ తర్వాత ఆ ఆట గురించి ఆయన మాట్లాడింది లేదు. ఎండాకాలం గడిచి, కొత్త సీజన్ మొదలైన కొద్ది వారాలకే ఆ గురువారం వచ్చింది.

డెన్నిస్ అంత్యక్రియల తర్వాత క్లబ్బులో టీ ఏర్పాటు చేశారు. పంది మాంసం శాండ్‌విచ్‌లు, బెవర్లీ బేకరీ నుంచి మాంసం కూరిన పైలు. ఆక్లీ కెప్టెన్ కూడా నల్లకోటు వేసుకుని వచ్చింది. "మీ నాన్న మాకు ఒక్క ఆట బాకీ పెట్టి పోయాడమ్మా" అని హేజెల్ భుజం నొక్కి వెళ్లింది. జనం పలచబడ్డాక జానిస్ కప్పు పట్టుకుని హేజెల్ పక్కన కూర్చుంది.

"నీకు చెప్దామని ఎన్నాళ్లనుంచో అనుకుంటున్నా. ఎలా చెప్పాలో తెలీక ఊరుకున్నా. ఆక్లీ ఆట ముందు నువ్వు పంపిన మాట ఉందే, అది నాకు చాలా పెద్ద మాట."

"ఏ మాట?"

"అదే, బాబాయ్‌తో కబురు పెట్టావుగా. ఆ బుధవారం మా బడి వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. 'హేజెల్ చెప్పమంది, ఆదివారం మొదటి బంతి జానిస్‌కే ఇస్తుందట, పడేసినా మళ్లీ జానిస్‌కే ఇస్తుందట' అన్నాడు. అప్పటిదాకా నాతో ఎవరూ అలా అనలేదు."

ఎదుటి బల్ల దగ్గర పైలు సర్దుతున్న బెవర్లీ చెయ్యి ఆగింది. "మొదటి బంతి నాకే అని చెప్పమన్నావన్నాడే" అంది. కిటికీ దగ్గరున్న, ఆ రోజు జానిస్‌తో పాటు పరిగెత్తిన ఇద్దరూ తలలు తిప్పారు. మొదటి బంతి తనకేనని వాళ్లలో ఒక్కొక్కరికీ అదే కబురు అందింది.

నలుగురూ హేజెల్ వైపు చూస్తున్నారు. హేజెల్ కప్పులోకి చూస్తూ, "ఊఁ, చెప్పమన్నాను" అంది.

ఆక్లీ ఆటకి ముందు ఆ వారమంతా ఆమె ఎవరికీ ఏ కబురూ పంపలేదు. జానిస్ గురించి తండ్రితో అన్నది ఒక్కటే మాట, కచ్చితంగా పడేస్తుందని.