నోరు మూసి బిగించిన వాల్వు

మా మిల్లు అద్దకం షెడ్డులో నేల కింద ఒక గుంట ఉండేది. నీళ్ల పైపులు అందులోంచే పోయేవి. ఒక్క మనిషి గొంతుకూర్చుంటే నిండిపోయేది. పొట్టివాణ్ణని ఎప్పుడూ నన్నే దింపేవారు. కోయంబత్తూరులో ఇంతమంది ఉండగా దేవుడు నన్నొక్కణ్ణే ఆ గుంట కొలతకి చేశాడా అని తిట్టుకునేవాణ్ణి.

అప్పటికి ఆరేళ్లుగా నేను బదిలీ పనివాణ్ణి. అంటే ఎవరైనా రాని రోజున నాకు పిలుపు వచ్చేది. పైపుల మేస్త్రీ మా అమ్మ తమ్ముడు. మా తెలుగు వీధిలో సగంమందికి మిల్లు పని ఇలా మేనమామల వల్లే దొరికింది. దొరికాక ఆ మామ కిందే పడి ఉండాలి. షెడ్డులో ఎదురు చెప్తే ఇంట్లో అమ్మ అన్నం పెట్టదు. ఆ నెల నన్ను పర్మనెంటు చేస్తామన్నారు. పర్మనెంటు అయితే బాయిలర్ వైపు మారిపోవచ్చు. మిల్లు మొత్తంలో మామ నీడ పడని చోటు అదొక్కటే. నిద్రలో కూడా నాకు బాయిలరే కనపడేది. అమ్మతో అన్నాను కూడా; అమ్మ చెవిన పడితే మామ చెవిన పడ్డట్టే.

అప్పుడే గుంటలోని పాత గేటు వాల్వు తీసేసి, గేరుతో తిరిగే బటర్‌ఫ్లై వాల్వు వేయమని ఆర్డరు వచ్చింది. లోపల గుండ్రటి బిళ్ళ, చుట్టూ రబ్బరు, పక్కన గేరుపెట్టె, తిప్పడానికి చక్రం. మాలో ఎవరూ అలాంటిది బిగించి ఎరగరు. పెట్టెలో ఒక కాగితం వచ్చింది. ఇంగ్లీషు నాకు కూడబలుక్కుంటే గానీ రాదు, బొమ్మలు మాత్రం చక్కగా ఉన్నాయి. బిళ్ళని కొంచెం తెరిచి, రెండు పైపుల చివర ఉండే ఫ్లాంజిల మధ్యకి దింపాలి. తర్వాత పూర్తిగా తెరిచి, అప్పుడు బోల్టులు బిగించాలి. మూసి బిగిస్తే రబ్బరు ఉబ్బి బిళ్ళని పట్టేస్తుంది. ఆ బొమ్మ మీద పెద్ద అడ్డగీత కొట్టి ఉంది.

మా ఇళ్లలో కొత్త కుండనైనా నోరు మూసే లోపలికి తెస్తారు. పసుపు, బొట్టు పెట్టి దండం పెట్టాకే మూత తీస్తారు. మామ ఆ ఆచారాన్ని మిల్లుకి కూడా తెచ్చాడు. ఏ వాల్వునైనా మూసే బిగించేవాడు, కారమడై గుడి కుంకం పెట్టాకే తెరిచేవాడు. అన్నీ రబ్బరు లేని గేటు వాల్వులు కనక ఇన్నేళ్లూ చెల్లింది.

“మామా, తెరిచి బిగించాలంట. బొమ్మలో ఉండాది సూడు,” అని గుంటలోంచి కాగితం పైకి చాచాను.

ఆయన దాని వైపు చూడనైనా లేదు. “పూజ కాకముందే నోరు తెరుస్తారా యాడన్నా? నాకే పని నేర్పిస్తావా? సుమ్మా, మాట్లాడకుండా బిగించు కణ్ణూ.”

కణ్ణూ అనేది ముద్దుమాటే. మామ నోట వచ్చిందంటే మాత్రం ఇక నోరెత్తకూడదని.

బిగించాను. తప్పని తెలిసీ ఒక్కో బోల్టూ నా చేతులతోనే బిగించాను. ఇప్పటికీ నాకు మామ మీద కంటే ఆ చేతుల మీదే ఎక్కువ మంట.

మధ్యాహ్నం కర్పూరం వెలిగించారు. సూపర్‌వైజరు వచ్చాడు, తమిళాయన. చక్రం తిప్పమన్నారు. కదల్లేదు. పైపుముక్క తగిలించి లాగమన్నాడు మామ. లాగాను. గేరుపెట్టెలో టప్పుమంది. ఆ తర్వాత చక్రం హాయిగా తిరిగింది, ఎంత తిప్పితే అంత. బిళ్ళ మాత్రం కదల్లేదు. పైన తొట్లలో బట్ట నీళ్ల కోసం కాచుకుని ఉంది.

గుంటలోంచి చూస్తే మనుషులు కనపడరు, కాళ్లే కనపడతాయి. సూపర్‌వైజరు బూట్లు. వాటి పక్కన పూజకని చెప్పులు విప్పిన మామ పాదాలు.

“బిళ్ళ మూసి బిగించిందెవరు?” అని సూపర్‌వైజరు తమిళంలో అరిచాడు.

మామ వంగలేదు. సూపర్‌వైజరుకి అర్థం కాదన్న ధైర్యంతో మా తెలుగులో అన్నాడు: “నువ్వే అని సెప్పు కణ్ణూ. నా పేరు పోతే నీకు ఈడ ఎవురుండారు?”

కాగితం నా చొక్కా జేబులోనే ఉంది. తీసి చూపిస్తే చాలు. చూపిస్తే సాయంత్రం ఏ మొహం పెట్టుకుని ఇంటికి పోవాలి? పైకెక్కే నిచ్చెన కూడా మామ పాదాల దగ్గరే ఉంది. “నాన్ దాన్ సార్,” అన్నాను, నేనే అని. ఆ నెల పర్మనెంటు జాబితాలో నా పేరు కొట్టేశారు. మళ్లీ మామ కిందే, మళ్లీ ఆ గుంటలోనే.

ఏడాది తిరక్కుండా మామ తన కూతుర్ని నాకిచ్చాడు. ఆ అమ్మాయి మంచిది, ఆమెని ఒక్క మాట అనను. కానీ నన్ను అడిగిందెవరు? అమ్మ ఎప్పుడో మాట ఇచ్చేసింది.

కారమడైలో పెళ్లి. మామ నా కాళ్లు పళ్లెంలో పెట్టి కడుగుతున్నాడు. మేళం గట్టిగా మోగుతోంది. తలెత్తకుండా, నాకొక్కడికే వినపడేలా అన్నాడు:

“ఆ పెట్టె విప్పింది నేనే గదా. బొమ్మ నీకంటే ముందే సూస్తిని కణ్ణూ.”

కాళ్లు వెనక్కి లాక్కోబోయాను. ఆయన రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉన్నాడు. చుట్టూ మావాళ్లందరూ నవ్వుతూ చూస్తున్నారు. చెంబులో నీళ్లు అయిపోయేదాకా అలాగే కూర్చున్నాను.